బట్టలు ఉతికే రోజే హోత్ కొండకు: డబ్లిన్‌లో ఒక రోజు లెక్క

డబ్లిన్ చూడ్డానికి వచ్చేవాళ్ల ప్లానుల్లో ఊరి పక్కనే సముద్రం ఒడ్డున కొండా, రేవూ ఉన్న హోత్‌కి ఒక రోజంతా రాసి పెట్టి ఉంటుంది. అంత అక్కర్లేదు. ఊరి నడిబొడ్డు నుంచి రైల్లో అరగంటలోపే చేరతాం. కొండ అంచు వెంట పొట్టి దారి నడవడానికి రెండు గంటలు, రేవులో తిని తిరగడానికి ఇంకో గంటన్నర. మొత్తం కలిపితే పూట పని. మిగతా పూటలో వారం పది రోజుల మకాం ఉన్నవాళ్లకు తప్పని పనులు పెట్టుకోవచ్చు: బట్టలు ఉతకడం, సరుకులు, పేరుకుపోయిన సీసాలు వదిలించుకోవడం. పిల్లల దగ్గరికి వచ్చిన తల్లిదండ్రులకూ, అద్దె ఫ్లాట్‌లో దిగిన కుటుంబాలకూ, కొత్తగా వచ్చిన విద్యార్థులకూ ఈ జోడీ బాగా కుదురుతుంది.

వరుస మాత్రం ముఖ్యం. ఏ పని ముందు, ఏది తర్వాత అన్నది గాలీ వెలుతురూ చూసుకుని తేల్చుకోవాలి. జూన్ నెలాఖరులో సూర్యాస్తమయం రాత్రి పదికి అటూ ఇటూగా ఉంటుంది కాబట్టి, పనులన్నీ ముగించి మధ్యాహ్నం మూడింటికి బయల్దేరినా తొందర లేదు, రేవులో చేపలు కొనాలనుకుంటే మాత్రం ఇంకా ముందే బయల్దేరాలి. డిసెంబరులో నాలుగుంపావు కూడా కాకముందే పొద్దు వాలిపోతుంది, పొద్దున తెల్లారేసరికే ఎనిమిదిన్నర దాటుతుంది. అప్పుడు ఇదే రోజును తలకిందులు చేయాలి: పొద్దున పదికల్లా కొండ మీద, సాయంత్రం సరుకులు. పెద్ద సూపర్ మార్కెట్లు రాత్రి తొమ్మిది పది దాకా తెరిచే ఉంటాయి కాబట్టి ఇబ్బంది ఉండదు.

ఎక్కడ దిగితే ఈ రోజు సులువు

నది పక్కన, టెంపుల్ బార్ చుట్టూ హోటళ్లు చూడ్డానికి ఆకర్షణగా ఉంటాయి. వేసవి వారాంతాల్లో గది 200 యూరోలు దాటడం మామూలే. క్రోక్ పార్కులో పెద్ద మ్యాచో కచేరీయో ఉన్నా, మార్చి 17 సెయింట్ పాట్రిక్ పండుగ దగ్గర పడినా చేతి చమురు ఇంకా వదులుతుంది. అంత పెట్టినా వంటగది ఉండదు, బట్టలు ఉతుక్కునే వీలుండదు. హోటల్ లాండ్రీ చొక్కాకింత, ప్యాంటుకింత అని లెక్క కడుతుంది. నాలుగు రోజులు దాటి ఉండేవాళ్లకు ఇది నష్టమే.

వంటగది ఉన్న అపార్ట్‌హోటల్ దీనికంటే నయం. అక్కడ ఒక్కో గదిలో కాకుండా కింద ఉమ్మడిగా లాండ్రీ గది ఉండటం ఎక్కువ. బుక్ చేసేముందు ఎన్ని మెషీన్లు ఉన్నాయో, డబ్బు కార్డుతోనా నాణేలతోనా అడగండి. రెండు మెషీన్లకు వంద గదులైతే శనివారం పొద్దున వరుస తప్పదు. జూన్ నుంచి ఆగస్టు దాకా విశ్వవిద్యాలయాలు తమ హాస్టల్ గదులను బయటివాళ్లకు అద్దెకిస్తాయి. ట్రినిటీ ఊరి మధ్యలో ఉంది. డీసీయూ, యూసీడీలు బస్సు దూరం, కానీ చవక. ఉమ్మడి వంటింట్లో గిన్నెలు ఇస్తారో లేదో మాత్రం ముందే కనుక్కోండి. కొన్నిచోట్ల పొయ్యి తప్ప ఏమీ ఉండదు.

మా ఓటు మాత్రం డార్ట్ అనే లోకల్ రైలు దారిలో ఉత్తరం వైపున్న పేటలకే: క్లాంటార్ఫ్, కిల్లెస్టర్, రహీనీ, సటన్. ఊళ్లోకైనా, హోత్‌కైనా సుమారు ఇరవై నిమిషాలకు మించదు. సూపర్ మార్కెట్ నడక దూరంలో ఉంటుంది, రాత్రి పబ్బుల గోల ఉండదు. హోత్‌లోనే దిగడం సముద్రం చూస్తూ నిద్ర లేవాలనుకునే జంటలకు బాగుంటుంది. గదులు తక్కువ, ధర ఎక్కువ, రోజూ ఊళ్లోకి పోవాల్సినవాళ్లకు ప్రయాణం విసుగు.

ఇంట్లో ముందు తేల్చుకోవాల్సినవి

ఐరిష్ ఇళ్లలో మనవాళ్లు తికమక పడేది స్నానాల గదిలో. కుళాయి తిప్పితే వేడినీళ్లు రావు. షవర్ దగ్గర గోడకు తెల్ల పెట్టె ఒకటి ఉంటుంది, బటన్ నొక్కినా ఉలుకూ పలుకూ ఉండదు. అది అప్పటికప్పుడు నీళ్లు కాచే ఎలక్ట్రిక్ షవర్. దానికి కరెంటు పోయేది పైకప్పు నుంచి వేలాడే తాడు ద్వారానో, గది బయట ఉన్న పెద్ద స్విచ్ ద్వారానో. తాడు ఒకసారి లాగితే పైన చిన్న ఎర్ర దీపం వెలుగుతుంది, అప్పుడు పెట్టె పనిచేస్తుంది. పెట్టె మీద రెండు తిప్పుడు గుండీలు ఉంటే ఒకటి శక్తికి, రెండోది వేడికి. నీళ్లు చాలా వేడిగా వస్తే ముందు వేడి గుండీనే తగ్గించండి.

కుళాయిల్లో, సింకులో వచ్చే వేడినీళ్ల వ్యవహారం వేరు. గ్యాస్ బాయిలర్ లేని ఇంట్లో, లేదా వేసవిలో బాయిలర్ ఆపేసినప్పుడు, ఇమ్మర్షన్ అనే స్విచ్ వేయాలి. దాన్ని హాట్ ప్రెస్ అనే చిన్న అలమరాలో వెతకండి, నీళ్ల ట్యాంకు ఉండేదీ అక్కడే. స్విచ్‌కి సింక్, బాత్ అని రెండు స్థానాలుంటాయి. సింక్ అంటే ట్యాంకు పైభాగం మాత్రమే కాగుతుంది, గిన్నెలు తోమడానికి చాలు. బాత్ అంటే ట్యాంకంతా. పని కాగానే ఆపేయాలి. అద్దె ఇళ్లలో యజమానులు ఎక్కువగా గొడవపడేది దీని గురించే, ఎందుకంటే రాత్రంతా వదిలేస్తే బిల్లు బాగా పేలుతుంది. ఆ హాట్ ప్రెస్‌లోనే చెక్క పలకల మీద బట్టలు పరిస్తే చివరి తడి కూడా ఆరుతుంది.

తాగే నీళ్లు వంటింటి చన్నీళ్ల కుళాయి నుంచే పట్టుకోండి. అది నేరుగా వీధి లైనుది. పాత ఇళ్లలో స్నానాల గది కుళాయిలకు అటక మీది ట్యాంకు నుంచి నీళ్లొస్తాయి, అవి తాగడానికి కాదు.

ప్లగ్గుల సంగతి కూడా చెప్పుకోవాలి. ఇక్కడివి బ్రిటన్ తరహా చదరపు మూడు పిన్నులు. మన గుండ్రటి పిన్నులు పట్టవు. అడాప్టర్‌తో ఫోను, లాప్‌టాప్ నడుస్తాయి. ఇండియా నుంచి తెచ్చిన మిక్సీని చవక అడాప్టర్‌కి తగిలించడం మాత్రం వద్దు. వోల్టేజీ సరిపోయినా అడాప్టర్ ఆ భారం మోయలేదు.

బట్టలు

అద్దె ఫ్లాట్లలో ఎక్కువగా కనిపించేది ఉతికి ఆరబెట్టే రెండూ ఒకటే అయిన మెషీను. అది ఉతికేది ఒక బరువు, ఆరబెట్టేది ఇంకో బరువు. ఎనిమిది కిలోలు ఉతికే మెషీను ఐదు కిలోలే ఆరబెడుతుంది. నిండా కుక్కి ఉతికి అలాగే ఆరబెట్టమని వదిలేస్తే మూడు నాలుగు గంటల తర్వాత ముడతలు పడ్డ, వేడి తడి బట్టల ముద్ద చేతికొస్తుంది. ఉతకడం అయ్యాక సగం తీసి దండెం మీద వేసి, మిగతా సగమే డ్రైయర్‌కి వదలాలి.

ఇంకో ఉచ్చు ఎకో 40-60 అనే ప్రోగ్రాం. పేరు చూసి అదే నొక్కుతారు. నీళ్లు, కరెంటు పొదుపే, కానీ మూడు గంటలు దాటుతుంది. పనుల రోజున 30 డిగ్రీల మామూలు ప్రోగ్రామో, గంటలోపు అయ్యే మిక్స్ ప్రోగ్రామో చాలు. స్మార్ట్ మీటరు ఉండి, వేళను బట్టి ధర మారే ప్లాను ఉన్న ఇంట్లో సాయంత్రం ఐదు నుంచి ఏడు దాకా కరెంటు అన్నిటికంటే ఖరీదు, రాత్రి పదకొండు నుంచి పొద్దున ఎనిమిది దాకా చవక. పొద్దున ఏడింటికే మెషీను వేస్తే ధర కలిసొస్తుంది, తొమ్మిదికల్లా బట్టలు దండెం మీద ఉంటాయి. డ్రైయర్‌ని ఆన్ చేసి ఇంట్లోంచి బయటికి పోకూడదు. అందులో పేరుకునే నూగు అంటుకుని మంటలు వస్తాయి. అందుకే కొండకు వెళ్లే పూట బట్టల సంగతి దండేనికే అప్పగించండి.

ఐర్లాండ్‌లో బట్టలు ఆరేది ఎండకు కాదు, గాలికి. మబ్బు పట్టినా గాలి ఆడుతుంటే మూడు గంటల్లో ఆరతాయి. ఎండ కాసినా గాలి లేకపోతే సాయంత్రానికీ చెమ్మగానే ఉంటాయి. ఇంట్లో ఆరేసేటప్పుడు కిటికీ పైన ఉండే సన్నటి గాలి సందులు మూసేయకండి. చలికి అవి మూసేసి గదిలో రెండు దండేల నిండా బట్టలు ఆరేస్తే మూలల్లో నల్లటి బూజు పడుతుంది, ఫ్లాటు వదిలేటప్పుడు డిపాజిట్‌లో దాని కోత కనిపిస్తుంది.

మెషీనే లేనివాళ్లకు రెండు దారులు. ఒకటి, పెట్రోలు బంకుల ఆవరణలో ఉండే బయటి మెషీన్లు. 8 కిలోలదీ, 18 కిలోలదీ పక్కపక్కనే ఉంటాయి, పక్కనే డ్రైయరు. సబ్బు అదే వేసుకుంటుంది, మీరు పొడి పోయకూడదు. పోస్తే నురగతో ఆగిపోతుంది. దుప్పట్లూ నలుగురి బట్టలూ కలిపి 18 కిలోల దాంట్లో ఒక్క సారికి అయిపోతాయి. ఉతకడానికి అరగంట నలభై నిమిషాలు, డ్రైయర్ నిమిషాల లెక్క. బంకు కొంచెం దూరమైనా ఇదే మేలు. రెండోది ఊళ్లోని లాండ్రీ దుకాణాలు. వీటిలో మనం కూర్చుని ఉతుక్కునేవి తక్కువ. సంచి ఇచ్చి వస్తే ఉతికి, ఆరబెట్టి, మడత పెట్టి ఇస్తారు. పొద్దున తొమ్మిదికి ఇస్తే సాయంత్రానికి దొరుకుతుంది, మూసే వేళ అడిగి మరీ బయల్దేరండి. ఆదివారం చాలావాటికి సెలవు. పట్టు చీరలు, రంగు పోయే కాటన్లు వీళ్లకు ఇవ్వకండి, అన్నీ కలిపి డ్రైయర్‌లో వేసేస్తారు.

సీసాలు, సరుకులు

2024 ఫిబ్రవరి 1 నుంచి పానీయాల ప్లాస్టిక్ సీసాలకూ రేకు డబ్బాలకూ డిపాజిట్ కట్టించుకుంటున్నారు. 500 మిల్లీలీటర్ల దాకా 15 సెంట్లు, అంతకు మించి మూడు లీటర్ల దాకా 25 సెంట్లు. ఇది అల్మరా మీద ధరలో కలిపి ఉండదు, బిల్లులో విడిగా పడుతుంది. వారానికి ఆరు రెండు లీటర్ల నీళ్ల సీసాలు కొనే కుటుంబానికి అది ఒకటిన్నర యూరో. కుళాయి నీళ్లు తాగేవాళ్లకు ఈ గొడవే లేదు.

డబ్బు వెనక్కి రావాలంటే సీసా నలగకూడదు. చెత్తబుట్టలో చోటు కోసం తొక్కి చప్పిడి చేసే అలవాటు మనకు ఎక్కువ, ఇక్కడ అది నష్టం. సూపర్ మార్కెట్లో సీసాలు వెనక్కి తీసుకునే మెషీను బార్‌కోడ్‌నీ, ఈ డిపాజిట్ పథకం వేసే రీటర్న్ గుర్తునీ చదవాలి, ఆకారాన్నీ చూస్తుంది. సీసా ఖాళీగా, మూత పెట్టి, అడుగు ముందుగా గుండ్రటి రంధ్రంలో ఒక్కోటీ పెట్టాలి. చేయి తీసేదాకా అది తిరగదు. వెనక్కి ఉమ్మేస్తే లేబుల్ చిరిగిందనో, ఆ గుర్తు లేని పాత సీసా అనో అర్థం. చివర్లో బటన్ నొక్కితే చీటీ వస్తుంది. దాన్ని ఆ దుకాణం బిల్లులోనే తగ్గించుకోవచ్చు, లేదా కౌంటర్లో నగదు అడగొచ్చు. గాజు సీసాలు, పాల డబ్బాలు దీంట్లోకి రావు. ఆదివారం సాయంత్రం మెషీను నిండిపోయి ఎర్ర దీపంతో కూర్చుంటుంది. పొద్దున్నే పోవడం మేలు.

గాజు సంగతికొస్తే, ఇంటి పచ్చ డబ్బాలో అది వేయకూడదు. పేట చివర కౌన్సిల్ పెట్టిన గాజు తొట్టెల్లో రంగుల వారీగా వేయాలి. ఇంటి డబ్బాలు మూడు: పచ్చది కడిగి ఆరిన కాగితం, ప్లాస్టిక్, డబ్బాలకు, గోధుమ రంగుది అన్నం కూర మిగుళ్లకు, నల్లది మిగతావాటికి. డబ్బాల రంగులు కంపెనీని బట్టి కొంచెం మారొచ్చు, ఇంట్లో అతికించిన కాగితం చూడండి.

సరుకులకు లిడ్ల్, ఆల్డి చవక. పెరుగు, పాలు, గుడ్లు, ఉల్లిపాయలు, టమాటాలు అక్కడే. డన్స్ సూపర్ మార్కెట్‌లో 50 యూరోలు కొంటే తర్వాతి బిల్లుకు 10 యూరోల కూపను వచ్చే పద్ధతి ఉంది. ఆ కూపను వాడాలంటే మళ్లీ 50 యూరోల బిల్లు చేయాలి. నెలల తరబడి ఉండే కుటుంబాలకు పనికొస్తుంది, వారం రోజుల యాత్రికుడికి కాదు. సోనా మసూరి, కందిపప్పు, కరివేపాకు కోసం ఊళ్లో మూర్ స్ట్రీట్, పార్నెల్ స్ట్రీట్ చుట్టూ ఉన్న దుకాణాలకు, డ్రూరీ స్ట్రీట్‌లోని ఏషియా మార్కెట్‌కి పోవాలి. చేసంచి మరిచిపోతే ప్లాస్టిక్ సంచికి 22 సెంట్ల పన్ను పడుతుంది. నగదు ఇస్తే మొత్తాన్ని దగ్గరి ఐదు సెంట్లకు సరిచేస్తారు, ఒకటి రెండు సెంట్ల నాణేలు తిరిగి రావు. అది మోసం కాదు, 2015 నుంచి ఉన్న పద్ధతి.

జలుబు, ఒళ్లునొప్పులకు పారాసెటమాల్ కావాలంటే సూపర్ మార్కెట్‌లో 12 మాత్రల పెట్టె, మందుల షాపులో 24 మాత్రల పెట్టె దొరుకుతాయి. రెండు మూడు పెట్టెలు అడిగితే ఇవ్వరు. యాంటీబయాటిక్ చీటీ లేకుండా దొరకదు. పెద్దవాళ్లు రోజూ వాడే మందులు ఇండియా నుంచే, డాక్టరు చీటీతో సహా తెచ్చుకోవాలి.

చేపలు మాత్రం పొద్దున కొనకండి. వాటి సంగతి చివర్లో.

హోత్‌కి ఎలా

బస్సులకూ రైళ్లకూ ముందే డబ్బు వేసుకుని వాడే లీప్ కార్డు తప్పనిసరి అనుకోండి. డబ్లిన్ బస్సులో నగదు ఇవ్వొచ్చు కానీ నాణేలే తీసుకుంటారు, నోట్లు చెల్లవు, చిల్లర ఇవ్వరు. కార్డుంటే రెండు యూరోలకు 90 నిమిషాల్లోపు బస్సు, లువాస్ ట్రామ్, డార్ట్ మారుతూ పోవచ్చు. లెక్క చూసేది చివరి ఎక్కుడు సమయం. అది 90 నిమిషాల్లోపు పడితే చాలు, దిగేది ఎప్పుడైనా సరే. విజిటర్ లీప్ కార్డు ఒక రోజుకు 8 యూరోలు. మామూలు కార్డుకు పెద్దలకు రోజు గరిష్ఠం 6 యూరోలు, వారం గరిష్ఠం 24. కార్డు కోసం కట్టే 5 యూరోలు కలుపుకున్నా, నాలుగైదు రోజులు ఉండేవాళ్లకు మామూలుదే లాభం. విద్యార్థి కార్డు తీసుకుంటే ఛార్జీ సగం.

బస్సు ఎక్కగానే కుడి పక్క నిలబెట్టిన మెషీనుకు కార్డు ఆనించాలి, దిగేటప్పుడు అక్కర్లేదు. డార్ట్‌లో రెండుసార్లూ ఆనించాలి, స్టేషన్లో దిగి బయటికొచ్చేటప్పుడు మరిచిపోతే ఎక్కువ ఛార్జీ కోసేస్తుంది. హోత్ స్టేషన్లో సముద్రం కనబడగానే జనం బయటికి పరుగెడతారు, మరిచిపోయేది అక్కడే.

డార్ట్ ఉత్తర లైను హోత్ జంక్షన్ దగ్గర రెండుగా చీలుతుంది: ఒకటి మలహైడ్‌కి, ఒకటి హోత్‌కి. కొనోలీ, టారా స్ట్రీట్, పియర్స్ ఏ స్టేషన్లో ఎక్కినా బోర్డు మీద హోత్ అని ఉన్నదే ఎక్కండి. పొరపాటున మలహైడ్ బండి ఎక్కితే హోత్ జంక్షన్‌లో దిగి బండి మారితే సరి. సెలవు వారాంతాల్లో లైను పనుల కోసం డార్ట్ ఆపేస్తుంటారు. ముందు రోజు ఐరిష్ రైల్ సైటు చూసుకోండి. ఆ రోజుల్లో, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లతో ఏ రోజైనా, హెచ్3 బస్సు పనికొస్తుంది. అది అబ్బీ స్ట్రీట్ నుంచి నేరుగా హోత్ సమ్మిట్ దాకా, అంటే కొండ పైదాకా పోతుంది. దిగి పది నిమిషాలు మెల్లగా నడిస్తే పార్కింగ్ స్థలం దగ్గర నుంచే బెయిలీ దీపస్తంభం, డబ్లిన్ అఖాతం, అటు పక్క పూల్‌బెగ్ జంట పొగగొట్టాలు కనిపిస్తాయి. ఎక్కే పని లేకుండా హోత్ దృశ్యాల్లో సగం చూసినట్టే. కారులో పోవడం గురించి ఒక్క మాట: ఎండకాచిన ఆదివారం పైనా కిందా పార్కింగ్ దొరకదు, ఇరుకు రోడ్డు మీద వెనక్కి తిప్పడం ఇంకా కష్టం.

నడక

స్టేషన్ నుంచి గుర్తులు పెట్టిన దారులు నాలుగు. పచ్చ గుర్తుది కొండ అంచు దారి, 6 కిలోమీటర్లు, రెండు గంటలు. నీలం ట్రామ్ లైను దారి, 7 కిలోమీటర్లు. 1901 నుంచి 1959 దాకా కొండ మీదికి నడిచిన ట్రామ్ పట్టాల బాట మీదుగా తిరిగొస్తుంది. ఎరుపు 8 కిలోమీటర్లు. ఊదా రంగుది బాగ్ ఆఫ్ ఫ్రాగ్స్ దారి, అన్నిటికంటే పొడవు, సుమారు 12 కిలోమీటర్లు. బయల్దేరేటప్పుడు నాలుగూ ఒకే బాట. అందువల్ల కాళ్ల సత్తా చూసుకుని పైకెక్కాక నిర్ణయించుకోవచ్చు.

స్టేషన్ బయట ఎడమకు తిరిగి రేవు వెంట చివరిదాకా, ఈస్ట్ పియర్ అనే రేవు గట్టు దాటి, బాల్‌స్కాడెన్ రోడ్డు ఎక్కాలి. 1880ల మొదట్లో కవి యేట్స్ కుటుంబం ఉన్న ఇల్లు ఈ రోడ్డులోనే, గోడకు ఫలకం ఉంది. రోడ్డు ముగిసేచోట కిల్‌రాక్ పార్కింగ్, అక్కడి నుంచి మట్టి బాట. ఇక్కడిదాకా వచ్చేసరికి ఆయాసపడే వాళ్లకు ముందున్నది అంతకంటే కష్టం కాదు. అసలు ఎక్కుడు ఇదే.

బాట అంచు సంగతి వివరంగా చెప్పాలి. కొన్నిచోట్ల ఇద్దరు పక్కపక్కన పట్టరు. ఒక పక్క గోర్స్ ముళ్ల పొదలు, ఇంకో పక్క నేరుగా సముద్రం, మధ్యలో కంచె లేదు. నేల రాళ్లతో, వానకు కోసుకుపోయిన గుంటలతో ఉంటుంది. తడి ఉంటే బంకమట్టి జారుతుంది. ఎదురుగా గుంపు వస్తే లోపలి వైపు, అంటే పొదల వైపు ఒదిగి నిలబడి వాళ్లని పోనివ్వాలి. ముళ్లు గుచ్చుకుంటాయని అంచు వైపు జరగకండి. పిల్లలు ఉంటే చెయ్యి వదలకూడదు, తోపుడు బండి ఈ బాటలో పోదు. ఫొటో కోసం గడ్డి మీదికి అడుగు వేసేచోట కింద మట్టి బోలుగా ఉండొచ్చు. అంచులు వానలకు విరిగి పడుతూనే ఉంటాయి. ఏదైనా జరిగితే 112 లేదా 999 కొట్టి కోస్ట్ గార్డ్ కావాలని చెప్పాలి.

సవ్యదిశలో నడిస్తే సముద్రం ఎప్పుడూ ఎడమ చేతి వైపే. ఐర్లాండ్‌లో గాలి ఎక్కువగా పడమర, నైరుతి నుంచి. తూర్పు అంచున నడుస్తుంటే కొండ అడ్డం కాబట్టి ముందు ఏమీ తెలియదు. మలుపు తిరిగి బెయిలీ వైపు వచ్చాకో, సమ్మిట్ మీదికి ఎక్కాకో ఒక్కసారిగా మొహాన కొడుతుంది. కింద హాయిగా ఉందని జాకెట్ సంచిలో పెట్టేయకండి. పడమటి గాలి మనిషిని అంచు వైపుకే తోస్తుందన్నది ఇంకా ముఖ్యం. ఐర్లాండ్ వాతావరణ శాఖ మెట్ ఏరన్ పసుపు గాలి హెచ్చరిక ఇచ్చేది మామూలుగా 90 కిలోమీటర్ల పైబడిన విసురు గాలికి. ఈ బాటకు అంత దాకా ఆగక్కర్లేదు. విసురు 60 దాటుతుందని ఉంటే ఆ రోజు రేవులోనే తిరిగి రండి. గొడుగు రెండు నిమిషాల్లో తిరగబడుతుంది. తలకప్పు ఉన్న వాన జాకెట్టే పని చేస్తుంది. చీరకట్టులో వచ్చే అమ్మలకు గాలిలో ఈ బాట నరకం, సల్వారో ప్యాంటో వేసుకోమనండి. చెప్పులు, అడుగు నున్నగా అరిగిన స్పోర్ట్స్ షూలు వద్దు.

మార్చి నుంచి జులై దాకా కొండ గోడల మీద కిట్టివేక్, గిల్లెమాట్, రేజర్‌బిల్ పక్షులు గూళ్లు పెడతాయి. చూపు కంటే ముందు వాసన తగులుతుంది. వసంతంలో గోర్స్ పసుపు, ఆగస్టులో హెథర్ పొదల పూల ఊదా రంగు. కొండంతా ఎండిన వేసవిలో తరచూ పొదలకు నిప్పంటుకుని బాట మూసేస్తారు. సిగరెట్, పోర్టబుల్ స్టవ్ అటు తీసుకెళ్లనే వద్దు. ఉత్తరాన కనిపించే దీవి ఐర్లండ్స్ ఐ. వేసవిలో వెస్ట్ పియర్ నుంచి పడవలు పోతాయి. సముద్రం ఊగుతుంటే పోవు, కాబట్టి దాని చుట్టూ రోజు ప్లాను కట్టకండి.

బెయిలీ దీపస్తంభం 1814 నాటిది. ఐర్లాండ్‌లో మనుషులు నడిపిన చివరి దీపస్తంభం ఇదే, 1997లో యంత్రాలకు అప్పగించారు. లోపలికి పోనివ్వరు, గేటు దాకా దిగి మళ్లీ ఎక్కడం దండగ, పైనుంచే బాగా కనిపిస్తుంది. పచ్చ గుర్తు ఇక్కడి నుంచి సమ్మిట్ పార్కింగ్ మీదుగా వెనక్కి తిప్పుతుంది. ఓపిక ఉన్నవాళ్లు ఊదా గుర్తు పట్టుకుని దక్షిణ అంచున సాగితే జనం సగానికి సగం తగ్గిపోతారు. మా లెక్కలో హోత్‌లో మేలైన భాగం ఇదే. మొత్తం చుట్టు తిరగనక్కర్లేదు, రెడ్ రాక్ దగ్గరి మార్టెల్లో టవర్ అనే పాత కావలి బురుజు దాటాక రోడ్డు పట్టుకుని సటన్ స్టేషన్‌కి దిగిపోవచ్చు. అప్పుడు రేవు, చేపల దుకాణాలు తప్పిపోతాయి. చేపలు కావాలంటే పచ్చదో నీలమో ఎంచుకుని హోత్‌కే తిరిగి రండి.

కొండ మీద మరుగుదొడ్లు, నీళ్ల కుళాయిలు లేవు. రేవులోనే పని చూసుకుని, మనిషికి అర లీటరు నీళ్లు పట్టుకుని ఎక్కండి.

రేవు, చేపలు

ఫిష్ అండ్ చిప్స్ దుకాణాల్లో వరుస ఆదివారం ముప్పావుగంట దాకా పోతుంది. వారంలో మామూలు రోజు పది నిమిషాలు. ఒక పెద్ద ప్లేటు ఇద్దరికి సరిపోతుంది, చిప్స్ కుప్ప అంత ఉంటుంది. కాడ్ కన్నా హాడక్ అడగండి, రుచి కొంచెం గట్టిగా ఉంటుంది. బయట బల్లల దగ్గర తింటే సీగల్ పక్షులు చేతిలోది ఎత్తుకుపోతాయి, గోడకు వీపు ఆనించి తినాలి. వెస్ట్ పియర్ పక్కన నీళ్లలో సీల్స్ తల ఎత్తి చూస్తుంటాయి. వాటికి తిండి వేయొద్దని బోర్డులున్నాయి. శని, ఆదివారాల్లో స్టేషన్ ఎదురుగా మార్కెట్ ఉంటుంది. తినుబండారాలు, చేతి వస్తువులు, చూసి వెళ్లిపోవడానికి బాగుంటుంది.

పచ్చి చేపల దుకాణాలు వెస్ట్ పియర్ మీద వరుసగా ఉన్నాయి. ఇవి సాయంత్రం తొందరగా మూస్తాయి, నాలుగున్నర లోపు చేరేలా నడక మొదలుపెట్టండి. మంచుముక్కలు అడిగితే వేసిస్తారు. అయినా మూత బిగిసే చల్లసంచి ఒకటి మడిచి తెచ్చుకుంటే డార్ట్‌లో పక్కవాళ్లు ముక్కు మూసుకోరు.

ఇక్కడ చేపను ముల్లు తీసిన ఫిల్లెట్‌గానే అమ్మడం అలవాటు. పులుసుకు అది పనికిరాదు, కలిపేసరికి విరిగి పొడైపోతుంది. అడ్డంగా కోసిన ముక్కలు కావాలంటే డార్న్ అని అడగాలి. సాల్మన్, కాడ్, హేక్ అలా కోసిస్తారు. హేక్ మెత్తన, గరిటె పెట్టకుండా గిన్నెను తిప్పాలి. పులుసులో గట్టిగా నిలబడేది మాంక్ ఫిష్, ధర కూడా అలాగే ఉంటుంది. చవగ్గా, రుచిగా కావాలంటే వేసవిలో మొత్తం మాకెరెల్ తీసుకుని తల ఉంచి కడుపు శుభ్రం చేయమనండి. అది అదే రోజు వండాలి, నూనె చేప కాబట్టి మర్నాటికి వాసన మారిపోతుంది. డబ్లిన్ బే ప్రాన్స్ అని కనిపించేవి మన రొయ్యలు కావు. పెంకు గట్టి, గోళ్లున్న వేరే జాతి, తోకలో ఉన్నదే తినేది. కిలో కొంటే మాంసం పిడికెడు. ఇగురుకు మామూలు రొయ్యలే మేలు, అవి సూపర్ మార్కెట్ ఫ్రీజర్‌లో దొరుకుతాయి.

అద్దె ఫ్లాట్‌లో వేపుడు జోలికి పోకండి. వంటిల్లూ హాలూ ఒకటే గది అయినచోట నూనె పొగకు పైకప్పు అలారం మోగుతుంది. కొన్ని భవనాల్లో అది మొత్తం బిల్డింగుకు కలిసి ఉంటుంది, అందరూ మెట్లు దిగి రోడ్డు మీద నిలబడాల్సి వస్తుంది. పులుసైతే తాలింపు ఒక్కటే గండం. నూనె వేడెక్కకముందే పైన చిమ్నీ ఫ్యాన్ వేసి, కిటికీ తెరిచి, పడక గదుల తలుపులు మూసి, ఎండుమిర్చి ఆఖరున వేయండి. అప్పటికీ మోగితే అలారం మీది బటన్ నొక్కి పట్టుకుంటే కొన్ని నిమిషాలు ఊరుకుంటుంది. ఆ లోపు తువ్వాలుతో దాని కింద గాలి విసరాలి. బటన్ అందని ఎత్తులో ఉంటే చీపురు కర్ర చాలు. బ్యాటరీ మాత్రం పీకకండి.